గుర్రపు స్వారీ నేర్పే టీచర్ బయోడేటాలో ఏం చూడాలి? (పాపకి వెన్ను కొంచెం వంకర)

వర్జీనియా నాన్న | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ వచ్చే వీసా, ఇంటి లోను ప్రశ్న కాదు, కాస్త ఓపిగ్గా చదవండి.

మా పాపకి 11 ఏళ్ళు. రెండేళ్ళుగా గుర్రం గుర్రం అని ప్రాణం తీస్తోంది. మాకు 25 నిమిషాల దూరంలో ఒక గుర్రపు శాల ఉంది. సైట్‌లో "హోలిస్టిక్ రైడింగ్" (రౌతు, గుర్రం ఇద్దరి ఒళ్ళూ మనసూ కలిపి చూసే స్వారీ అట) అని పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. నేర్పేవాళ్ళు ముగ్గురు. నేను ఐటీ వాణ్ణి, ఎవరినైనా తీసుకునేముందు రెజ్యూమె చదవడం అలవాటు. వీళ్ళవి చదివితే మాత్రం తలా తోకా తెలియలేదు.

మొదటావిడ 30 ఏళ్ళుగా నేర్పుతోందట, "సెంటర్డ్ రైడింగ్ లెవెల్ 2". రెండో ఆయన ఒకప్పుడు డాన్సర్, తర్వాత అలెగ్జాండర్ టెక్నిక్ టీచర్, నలభై దాటాక గుర్రం ఎక్కాడు. మూడో అమ్మాయి పేరు కింద తాయ్ చీ, రేకీ, యోగా, మసాజ్, "గుర్రాలతో మానసిక సంభాషణ" అని వరసగా ఉన్నాయి. ఎన్నేళ్ళు స్వారీ చేసిందో మాత్రం ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. పాపకి స్కోలియోసిస్ ఉంది, వెన్ను 14 డిగ్రీలు పక్కకి వంగింది. ఆటలు ఆపొద్దని డాక్టర్ చెప్పారు. ఫోన్‌లో మొదటావిడతో ఈ మాట అంటే, "ఈ పద్ధతి మొదలుపెట్టిన మనిషికీ అదే ఉండేది" అంది. నిజమా, మమ్మల్ని చేర్చుకోవడానికి అన్న మాటా?

మా అమ్మ ఇప్పుడు ఇక్కడే ఉంది. అంతా విని, "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందిరా. ఊపిరి తీయడం నేర్పేవాళ్ళు స్వారీ ఏం నేర్పుతారు?" అంది. నాకూ లోపల అదే అనుమానం.

గోషామహల్ | శనివారం రాత్రి 11:15

తమ్ముడూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు.

మా నాన్న హైదరాబాద్ పోలీసు అశ్వదళంలో చేసి రిటైర్ అయినోడు. నేను నడక నేర్చింది గుర్రాల మధ్యనే. మన దగ్గర స్వారీ నేర్పేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారో చెప్తా, పోల్చుకో. ఎక్కువమంది మాజీ సైనికులు. జైపూర్ 61వ కావల్రీ (సైన్యంలో గుర్రపు దళం) నుంచి వచ్చినోళ్ళు, మీరట్‌లో రీమౌంట్ వెటర్నరీ కోర్ (సైన్యం గుర్రాల్ని చూసుకునే విభాగం) వాళ్ళ దగ్గర తయారైనోళ్ళు, లేదా పోలీసుల్లో ఉస్తాదులు. శివరాంపల్లి పోలీస్ అకాడమీలో ఐపీఎస్‌కి ఎంపికైనవాళ్ళు కూడా గుర్రం ఎక్కి తీరాలె. రికాబులు (జీనుకి వేలాడే, పాదం పెట్టే కడియాలు) తీసేసి ట్రాట్ (ఎగిరెగిరి పడే మధ్యరకం పరుగు) చేయిస్తారు. తొడలు ఒరుసుకుపోయి రెండు వారాలు కుర్చీలో సరిగ్గా కూర్చోలేరు. మూడో నెలకి జీను మీద అతుక్కుపోతారు.

ఆ ఉస్తాదుల బయోడేటా ఒక్క ముక్క: ఇరవై ఏళ్ళు గుర్రం పేడ ఎత్తిన చేతులు. ఈ రేకీ గీకీ నాకు తెల్వదు.

సగం సవారీ (బోస్టన్) | ఆదివారం పొద్దున 8:05

వర్జీనియా గారూ, ముందు మీ ప్రశ్నకి జవాబు: ఆవిడ చెప్పింది నిజమే.

సెంటర్డ్ రైడింగ్ మొదలుపెట్టిన శాలీ స్విఫ్ట్ 1913లో ఇక్కడే, మసాచుసెట్స్‌లో పుట్టింది. చిన్నప్పుడే వెన్ను వంకర ఉందని తేలింది. ఇంట్లోవాళ్ళు మేబెల్ టాడ్ అనే ఆవిడ దగ్గరికి పంపారు. ఎముకల అమరికని మనసులో బొమ్మ కట్టుకుంటే కండరాలు వాటంతట అవే సర్దుకుంటాయన్నది టాడ్ పద్ధతి. 1937లో దాని మీద పుస్తకం కూడా రాసింది. స్విఫ్ట్ తర్వాత జీవితమంతా వాడుకున్న పనిముట్టు అదే: "ఇలా చెయ్యి" అనకుండా "ఇలా ఉన్నట్టు ఊహించుకో" అనడం.

ఆవిడ బయోడేటా చూస్తే మీ ఐటీ కళ్ళకి ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఉద్యోగం వెర్మాంట్ రాష్ట్రం బ్రాటిల్‌బరోలో హోల్‌స్టీన్ ఆవుల సంఘంలో. అవే, మన పాడి రైతులు పెంచే నలుపూ తెలుపూ మచ్చల ఆవులు! 1975లో 62 ఏళ్ళకి రిటైర్ అయింది. ఏదో నలుగురు స్నేహితులకి నేర్పుదామనుకుంది. 1985లో పుస్తకం వచ్చేసరికి 72 ఏళ్ళు. 2009లో, 95 ఏళ్ళ వయసులో పోయింది. అంటే ప్రపంచానికి ఆవిడ టీచర్‌గా తెలిసింది మనవాళ్ళు తీర్థయాత్రలు పెట్టుకునే వయసులో.

మొదట్లో నేర్పే మూల సూత్రాలు నాలుగు. చూపు మెత్తగా, అంటే ఒక్క చోట గుచ్చకుండా చుట్టూ కనిపించేలా పెట్టుకోవడం. ఊపిరి బిగబట్టకపోవడం. బొడ్డు కింద, వెన్నుకి ముందు ఉండే మధ్యబిందువు మీద ధ్యాస. పాదం, తుంటి, ఛాతీ, తల ఒకదాని మీద ఒకటి ఇటుకలు పేర్చినట్టు ఉండటం. తాయ్ చీ, ఐకిడో (జపాన్ యుద్ధవిద్య), అలెగ్జాండర్ టెక్నిక్ (నిలబడే, కదిలే తీరులో అలవాటైన బిగువు వదిలించే పద్ధతి) నుంచి తీసుకున్నవి ఇందులో చాలా ఉన్నాయి. అందుకే ఈ టీచర్ల పరిచయాల్లో ఆ పేర్లు కనిపిస్తాయి.

గోషామహల్ అన్నా, మీరు చెప్పిన రికాబులు లేని స్వారీ వియన్నా స్పానిష్ రైడింగ్ స్కూల్లోనూ ఉంది. కొత్తవాళ్ళని నెలల తరబడి లాంజ్ తాడు (టీచర్ మధ్యలో నిలబడి గుర్రాన్ని చుట్టూ తిప్పే పొడవాటి తాడు) మీద రికాబులూ పగ్గాలూ లేకుండా తిప్పుతారు. అయితే అక్కడ తొడలు ఒరుసుకుపోవడాన్ని గొప్పగా చెప్పుకోరు.

గోషామహల్ | ఆదివారం పొద్దున 9:30

ఊహించుకుంటే గుర్రం ఆగుతుందా? ఒకసారి దౌడు తీసిన గుర్రం మీద కూర్చుని ఇటుకలు ఊహించుకొని చూడు బాబూ.

సగం సవారీ (బోస్టన్) | ఆదివారం పొద్దున 9:52

కూర్చున్నానన్నా. 2016లో. ఊపిరి బిగబట్టి, ముందుకి వంగి, కాళ్ళతో గట్టిగా పట్టుకున్నా. అవి మూడూ గుర్రానికి "ఇంకా వేగంగా" అని చెప్పడమే. కాలర్ బోన్ విరిగింది. ఆ తర్వాతే ఈ పాఠాలకి వెళ్ళా.

సుజాత (లీడ్స్) | ఆదివారం మధ్యాహ్నం 2:20

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. పిల్లల వెన్ను కేసులు రోజూ చూస్తాను, కాబట్టి ఇక్కడ కొంచెం బ్రేక్ వెయ్యాలి.

శాలీ స్విఫ్ట్ కథ బాగుంది. కానీ ఆ కథ వల్ల మీ పాప వెన్ను నిటారు కాదు. 10 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్ అంటాం. 14 అంటే తక్కువే. బ్రేస్ (వెన్నుకి కట్టే గట్టి పట్టీ) గురించి ఆలోచించేది మామూలుగా 25 దగ్గర. అయితే 11 ఏళ్ళంటే ఒక్కసారిగా ఎత్తు పెరిగే వయసు, వంకర పెరిగేదీ అప్పుడే. ఎక్స్‌రే ఎప్పుడు తీయమన్నారో ఆ తేదీ దాటనివ్వకండి. స్వారీ ఆమెకి సంతోషాన్నీ, ఒంటి మీద ధ్యాసనీ ఇస్తుంది. చాలు. "సరిచేస్తాం" అనే టీచర్ ఉంటే అక్కడే థాంక్స్ చెప్పి వచ్చేయండి.

ఇక సర్టిఫికెట్ల సంగతి. ఒకే పేరు వెనక రెండు రకాల మనుషులు ఉంటారు. అలెగ్జాండర్ టెక్నిక్ టీచర్ కావాలంటే మూడేళ్ళు, దాదాపు 1,600 గంటల శిక్షణ. ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి (ఒంటి కదలికల్ని మళ్ళీ నేర్పే ఇంకో పద్ధతి) అయితే మూడు నాలుగేళ్ళ మీద 800 గంటలు. "అలెగ్జాండర్ టెక్నిక్‌లో అనుభవం" అని రాసుకున్నవాళ్ళు శని ఆదివారాల వర్క్‌షాప్ ఒకటి చేసుండొచ్చు. మీ డాన్సర్ గారిని ఎక్కడ, ఎన్నేళ్ళు చదివారో అడగండి. నిజంగా చదివినవాళ్ళు ఈ ప్రశ్నకి సంతోషిస్తారు.

ఈ పద్ధతికి ఆధారం బొత్తిగా లేదని కూడా అనను. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 579 మంది నడుము నొప్పి రోగుల మీద ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. 24 అలెగ్జాండర్ పాఠాలు తీసుకున్నవాళ్ళకి ఏడాది తర్వాత కూడా నొప్పి ఉండే రోజులు బాగా తగ్గాయి. కానీ అది పెద్దవాళ్ళ నడుము నొప్పి. పిల్లల వెన్ను వంకరా కాదు, గుర్రమూ కాదు. ఒక చోట పనిచేసిందాన్ని ఇంకోచోట అతికించి అమ్మేవాళ్ళతోనే నా గొడవ.

వర్జీనియా నాన్న | ఆదివారం సాయంత్రం 6:10

సుజాత గారూ, చాలా థాంక్స్. ఎక్స్‌రే నవంబర్‌లో ఉంది, ఫోన్‌లో అలారం పెట్టా. ఒక డౌట్: ఈ ముగ్గురిలో ఇద్దరి కథ ఏదో దెబ్బతోనో నొప్పితోనో మొదలవుతుంది. డాన్సర్‌కి మోకాలు, మొదటావిడకి నడుము. ఇది యాదృచ్ఛికమా?

సగం సవారీ (బోస్టన్) | ఆదివారం సాయంత్రం 7:00

కాదనే నా అభిప్రాయం. ఈ దారిలో ఎవరి చరిత్ర తీసినా ఒంట్లో ఏదో ఒకటి మొండికేసిన రోజు ఉంటుంది.

ఎఫ్.ఎం. అలెగ్జాండర్ 1869లో టాస్మానియాలో పుట్టాడు. వేదికల మీద కవిత్వం, నాటకాల్లోని ఘట్టాలు వినిపించేవాడు. గొంతు పోతుంటే డాక్టర్లతో పని జరగలేదు. అద్దాల ముందు నిలబడి, మాట్లాడబోయే ముందు తల వెనక్కి లాగుతున్నానని కనిపెట్టాడు. ఫెల్డెన్‌క్రైస్ ఫిజిక్స్‌లో డాక్టరేట్, జూడో మనిషి, మోకాలు దెబ్బతింది. ఆయన 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలో పెట్టిన శిక్షణలో లిండా టెల్లింగ్టన్-జోన్స్ చేరింది. ఆవిడ అప్పటికే గుర్రాల మనిషి. రౌతులకి పనికొస్తుందని వెళ్ళి, ఆ పనిని నేరుగా గుర్రం ఒంటి మీదకే తెచ్చింది. ఇంగ్లండ్‌లో స్వారీ నేర్పే మేరీ వాన్‌లెస్ కూడా ఫిజిక్స్ చదివినావిడే. "బాగా కూర్చో" అంటే అసలు ఏ కండరం ఏం చెయ్యాలి అని పట్టుకుని దశాబ్దాలు తవ్వింది.

పుట్టుకతోనే బాగా స్వారీ వచ్చినవాళ్ళకి తాము ఏం చేస్తున్నారో తెలియదు. నీళ్ళలో చేపని ఈత గురించి అడిగినట్టు. వీళ్ళు ఒక్కో ముక్కా వెతుక్కుని నేర్చుకున్నారు గనక ఒక్కో ముక్కగా చెప్పగలరు.

గోషామహల్ | ఆదివారం రాత్రి 10:40

నొప్పి ఉన్నోళ్ళందరూ టీచర్లైతే మా బస్తీలో సగం మంది టీచర్లే.

మాధవి (మ్యూనిక్ దగ్గర) | సోమవారం పొద్దున 11:30

😀 గోషామహల్ గారి పోస్టుల కోసమే ఈ చర్చ చూస్తున్నా.

జర్మనీ సంగతి రెండు ముక్కల్లో. ఇక్కడ వృత్తిగా చేసేవాళ్ళకి మూడేళ్ళ అప్రెంటిస్ చదువు ఉంది, శాలలో పనిచేస్తూ చదవాలి. క్లబ్బుల్లో నేర్పేవాళ్ళకి జాతీయ సమాఖ్య ఇచ్చే ట్రైనర్ సి, బి, ఎ అని లైసెన్సులు. హోలిస్టిక్ అనే మాట ఈ చదువు పైన వచ్చే పొర మాత్రమే. ఎకార్ట్ మైనర్స్ అని ల్యూనెబర్గ్‌లో పనిచేసిన ప్రొఫెసర్ క్రీడాశాస్త్రం నుంచి వచ్చారు. గుర్రం ఎక్కేముందు ఒంట్లో ఆరు చోట్ల కదలిక వదులు చేసుకునే వ్యాయామాలు పెట్టారు. ఆయన పద్ధతిలో "మూవ్‌మెంట్ ట్రైనర్" శిక్షణ కూడా ఉంది. సుజానె ఫాన్ డీట్సె ఫిజియోథెరపిస్ట్, తనే పోటీల్లో స్వారీ చేస్తుంది. మా అబ్బాయి టీచర్ మైనర్స్ చెప్పిన ఆ ఆరింటిలో రెండే చేయిస్తుంది, మిగతావి పిల్లలు నవ్వి పాడు చేస్తారట.

అమెరికాలో ఇలాంటి లైసెన్సులు ఏమీ లేవా?

సగం సవారీ (బోస్టన్) | సోమవారం సాయంత్రం 5:15

మా మసాచుసెట్స్‌లో స్వారీ టీచర్‌కి రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. వర్జీనియాలో అలాంటిది లేదు. ఎవరైనా రేపు పొద్దున బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి వర్జీనియా గారూ, మీ తనిఖీ మీరే చేసుకోవాలి. సెంటర్డ్ రైడింగ్ వాళ్ళ సర్టిఫికెట్‌లో లెవెల్ 1 నుంచి 4 వరకు ఉంటాయి. అది అప్పటికే నేర్పుతున్నవాళ్ళకి ఇచ్చే అదనపు శిక్షణ. అందుకే మీ మొదటావిడ విషయంలో నాకు 30 ఏళ్ళ మాటే ముఖ్యం, లెవెల్ 2 తర్వాత.

ఇంకో తేడా కూడా తెలుసుకోండి. పాత్ ఇంటర్నేషనల్ అని ఒక సంస్థ ఉంది, 1969లో వేరే పేరుతో మొదలైంది. వైకల్యం ఉన్నవాళ్ళకి స్వారీ నేర్పే టీచర్లకి సర్టిఫికెట్ ఇస్తుంది. హిప్పోథెరపీ వేరు, అది లైసెన్సు ఉన్న ఫిజియో, ఆక్యుపేషనల్ లేదా స్పీచ్ థెరపిస్ట్ చేసే వైద్యం. మీ పాపకి రెండూ అక్కర్లేదనుకుంటా. కానీ సైట్‌లో "థెరపీ" అన్న మాట కనిపిస్తే ఏ థెరపీ, ఎవరు చేస్తారు అని అడగండి.

డాక్టర్ పశుపతి (తిరుపతి) | సోమవారం రాత్రి 9:00

పశువైద్యుణ్ణి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ రీమౌంట్ యూనిట్‌లో గుర్రం ఎక్కినవాణ్ణి, కింద పడ్డది కూడా లెక్కేస్తే ఎక్కువ దిగినవాణ్ణి.

మీరంతా రౌతు వెన్ను గురించి మాట్లాడుతున్నారు, గుర్రం వెన్ను సంగతి ఒక్కరూ ఎత్తలేదు. హోలిస్టిక్ అంటే సగం అదే కదా? టీచర్ బయోడేటాలో నేను వెతికేది: ఈ మనిషికి కుంటు పట్టుకోవడం వచ్చా? గుర్రానికి మన లాగా కాలర్ బోన్ ఉండదు. ముందు కాళ్ళ మధ్య ఛాతీ, కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. దాని మీద జీను, జీను మీద మనిషి. ఎక్కడ నొప్పి ఉన్నా నడక మారుతుంది, అరవదు. వేటాడబడే జంతువు కదా, బాధ దాచుకోవడమే దాని బతుకు.

ముఖ్యంగా మీ పాప విషయంలో ఒకటి చెప్తాను. కొన్నాళ్ళకి జీను ఒక పక్కకి జారుతోందనుకోండి. సగంమంది టీచర్లు "అమ్మాయి వెన్ను వంకర కదా, అందుకే" అనేస్తారు. కావచ్చు. కానీ గుర్రం వెనక కాలు కుంటినప్పుడు కూడా జీను అలాగే జారుతుంది. పైకి ఆ కుంటు కనిపించకపోవచ్చు. వేరే మనిషిని ఎక్కించి చూడాలి, జీను అమరిక చూడాలి, పశువైద్యుడికి చూపించాలి. ఆ మాట తనకి తానుగా అన్న టీచర్‌కి నేను కళ్ళు మూసుకుని ఓటేస్తా. లేదంటే పదకొండేళ్ళ పిల్ల తప్పంతా తనదే అనుకుంటూ పెరుగుతుంది.

"మానసిక సంభాషణ" అమ్మాయికి డెక్క ఎత్తి చూడటం వచ్చేమో ఒకసారి కనుక్కోండి. గుర్రం మాట్లాడేది అక్కడే.

సుజాత (లీడ్స్) | సోమవారం రాత్రి 9:35

డాక్టర్ గారూ, జీను సంగతి నాకూ కొత్త. రౌతు వంకర వల్లే అని నేనే ఇద్దరు పేషెంట్లకి చెప్పాను. వాళ్ళకి ఫోన్ చెయ్యాలి ఇప్పుడు.

నలభైనాలుగులో | మంగళవారం మధ్యాహ్నం 1:10

నేను హైదరాబాద్. ఏడాదిన్నరగా నేర్చుకుంటున్నా, పేరులోనే వయసు ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా.

మొదట చేరిన చోట నేర్పేవాడు స్వారీలో దిట్ట. పోటీల్లో గెలిచిన కప్పులన్నీ ఆఫీసు గదిలో పెట్టాడు. బయోడేటా చూస్తే ఎవరైనా దండం పెడతారు. నాకు భయం వేస్తోందంటే, "భయపడేవాళ్ళు ఇంట్లో ఉండాలి" అన్నాడు, పదిమంది ముందు. నాలుగో పాఠంలో పడ్డా. గుర్రాన్ని పట్టుకున్నాడు గానీ నన్ను లేపలేదు. ఏ చోటు అని చెప్పను, అడగొద్దు. ఫీజు మూడు నెలలది పోయింది.

తర్వాత ఒక స్నేహితురాలు ఇంకో చోటికి తీసుకెళ్ళింది. అక్కడ ఆయన ఆర్మీలో దఫేదార్‌గా (గుర్రపు దళంలో హవల్దార్ లాంటి హోదా) చేసి వచ్చారు. గోషామహల్ అన్న చెప్పే ఉస్తాద్ అచ్చంగా అలాంటి మనిషే. మీసం, ఇస్త్రీ మడత, హిందీలో "ఏడీ నీచే" (మడమ కిందికి) అని కేక. నాకు గుండె జారింది. మొదటి రోజు గుర్రం ఎక్కించనే లేదు. బ్రష్ చేయించారు, పక్కన నడిపించారు. రెండో వారం ట్రాట్‌లో నేను బిగుసుకుపోతుంటే, "మేడమ్, మీ తెలుగులో లెక్కల ఎక్కాలు ఉంటాయి కదా, గట్టిగా చెప్పండి" అన్నారు. పదమూడో ఎక్కం! మైదానమంతా వినపడేలా చదివా. పదమూడు ఆర్లు దగ్గర తప్పాను, నవ్వొచ్చింది, అప్పుడు తెలిసింది నడుము కదులుతోందని. గుర్రం మెడ దించి ముక్కు చీదింది. "చూడండి, అది కూడా ఊపిరి వదిలింది" అన్నారు.

ఆయనకి సెంటర్డ్ రైడింగ్ పేరు తెలియదు. నేనే చెప్పా. "అచ్ఛా, దీనికి పుస్తకం కూడా ఉందా?" అన్నారు.

గోషామహల్ | మంగళవారం సాయంత్రం 4:45

చెల్లెమ్మా, నువ్వు పడ్డప్పుడు లేపనోడు ఉస్తాద్ కాదు. అది రాసిపెట్టుకో.

మా నాన్నని పొద్దున అడిగిన. "కొత్తోళ్ళు ఊపిరి బిగబడితే ఏం చేసేవాడివి?" అని. పాట పాడించేవాడంట. డ్యూటీలో కూడా, గణేశ్ నిమజ్జనం గుంపులో గుర్రం బెదిరితే తాను పాడేవాడంట, సన్నగా, గుర్రానికి మాత్రమే వినపడేటట్టు. ముప్పై ఏళ్ళు నాకు ఈ ముచ్చట చెప్పలే. ఎందుకు చెప్పలేదంటే "నువ్వు అడగలే" అన్నడు.

సామెత మీద కూడా అడిగిన. "మెత్తన అంటే చేతకానోడని, చేతులు మెత్తగా ఉన్నోడని కాదు" అని తిట్టిండు. "రౌతు కొద్దీ గుర్రం" అని ఇంకో సామెత ఉంది కదా, అది చెప్పు వాళ్ళకి అన్నడు. చెప్పిన.

మాధవి (మ్యూనిక్ దగ్గర) | మంగళవారం రాత్రి 8:20

కాళ్ళ బలమే మంచి రౌతుని చేస్తుందనుకునేవాళ్ళకి ఒక పేరు చెప్తా. లిస్ హార్టెల్, డెన్మార్క్. పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు పనిచేసేవి కావు. గుర్రం ఎక్కించాల్సి, దించాల్సి వచ్చేది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో (గుర్రంతో కొలిచినట్టు అడుగులు వేయించే పోటీ) వెండి పతకం, 1956లో మళ్ళీ వెండి. కాళ్ళతో నొక్కి చెప్పలేని మనిషి నడుముతో, బరువుతో చెప్పింది. వికలాంగుల స్వారీ యూరప్‌లో పుంజుకోవడానికి ఆవిడ పేరు చాలా పనికొచ్చింది. మీ పాపకి ఈ కథ చెప్పండి, స్విఫ్ట్ కథ కన్నా నాకు ఇదే ఇష్టం.

మోడరేటర్ | మంగళవారం రాత్రి 10:00

రేకీ పనిచేస్తుందా లేదా అని వచ్చిన ఆరు పోస్టులు వేరే చోటికి మార్చాను. ఇక్కడ టీచర్ల గురించే.

వర్జీనియా నాన్న | ఆదివారం రాత్రి 9:05

వెళ్ళొచ్చాం. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, ఇంటర్వ్యూకి వెళ్ళినట్టు వెళ్ళా. మా ఆవిడ కారులోనే ఉండిపోతానంది సిగ్గుతో.

డాన్సర్ గారు బంగారంలాంటి మనిషి. మూడేళ్ళ శిక్షణ నిజమే, ఎక్కడ చేశారో చెప్పారు, సుజాత గారన్నట్టే సంతోషపడ్డారు. "నేను గుర్రం మీద పిల్లలకి ఒంటరిగా నేర్పను, పక్కన ఆవిడ ఉండాలి. నాకు మనుషులు తెలుసు, గుర్రాలు ఇంకా తెలుస్తున్నాయి" అన్నారు. ఈ ఒక్క మాటకి నేను ఆయనకి ఎక్కువ మార్కులేశా. మూడో అమ్మాయి సెలవులో ఉంది, కాబట్టి డెక్క పరీక్ష జరగలేదు డాక్టర్ గారూ.

మొదటావిడని జీను జారడం గురించి అడిగా. నేను ప్రశ్న పూర్తి చేయకముందే గుర్రం వైపు తిరిగి, "ఇదిగో దీనికి పోయినేడు అదే అయింది. ముగ్గురు పిల్లల్ని తప్పు పట్టాక తెలిసింది, కుడి వెనక మోకాలు" అంది. తప్పు పట్టింది తనే. దాచలేదు. వెన్ను సరిచేస్తారా అంటే, "నేను డాక్టర్ని కాదు, కూర్చోవడం నేర్పుతా" అంది. మైనర్లకి నేర్పేవాళ్ళకి ఉండే సేఫ్‌స్పోర్ట్ శిక్షణ అయిందా అని కూడా అడిగా. ఫోన్‌లో తేదీ చూపించింది. హెల్మెట్ లేకుండా శాల గేటు దాటనివ్వరు.

పాఠం అరగంట. పాపని ఎక్కించి, పగ్గాలు ఇచ్చి, "చేతిలో చిన్న పక్షి ఉందనుకో. ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు" అంది. స్విఫ్ట్ పుస్తకంలోదే అయ్యుంటుంది. పాప పిడికిళ్ళు ఇంకా బిగించేసింది. అమ్మ కంచె బయట కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. నేను తెలుగులో చెప్పా, ఇలా అంటోందమ్మా అని. అమ్మ అక్కడి నుంచే, "ఒసేయ్, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో!" అని కేకేసింది.

ఎండాకాలం సెలవుల్లో తాతయ్య ఊళ్ళో పాప పట్టుకున్నది కోడిపిల్లలనే. చేతులు వదులయ్యాయి. గుర్రం తల కొంచెం దించింది. ఆవిడ నా వైపు తిరిగి, మీ అమ్మగారు ఏమన్నారు అని అడిగి, చెబితే నోట్‌బుక్‌లో రాసుకుంది.

వచ్చే శనివారం నుంచి చేర్పిస్తున్నాం. అమ్మ కారెక్కాక, "మరీ మెత్తని మనిషేం కాదు" అంది.

గోషామహల్ | ఆదివారం రాత్రి 9:20

అమ్మగారి బయోడేటా పెట్టు తమ్ముడూ, లెవెల్ 3 ఇచ్చేద్దాం.

నలభైనాలుగులో | ఆదివారం రాత్రి 9:41

కోడిపిల్ల రేపు నేనూ ప్రయత్నిస్తా. వర్జీనియా గారూ, హెల్మెట్ ఏ కంపెనీది తీసుకున్నారు? నాకు ఇక్కడ జడ పెట్టుకుంటే ఏదీ సరిపోవడం లేదు.

వర్జీనియా నాన్న | ఆదివారం రాత్రి 9:58

కంపెనీ చూడలేదండి. లోపల ఏఎస్‌టీఎం, ఎస్ఈఐ (భద్రతా ప్రమాణాలకి ఇచ్చే గుర్తులు) అని ముద్ర ఉందా లేదా చూడమన్నారు, అదే చూశా. జడ కిందికి, మెడ దగ్గర వేసుకోమని చెప్పింది ఆవిడ. హెల్మెట్ లోపల ముడి పెట్టొద్దంట.